ఒక తాళం వెనుక

ఈరోజు సాయంత్రం హనుమకొండ కాళోజీ కళాక్షేత్రంలో అక్క కూతురు నృత్యం చేసింది. పుట్టి పెరిగిన న్యూజెర్సీకీ, అమ్మమ్మ ఉన్న ఈ ఊరికీ నడుమ తనది ఏ నడక అన్న ప్రశ్ననే నలభై నిమిషాల ప్రదర్శనగా కూర్చుకున్నది. అక్కడ చిన్ననాటి నుంచి కూచిపూడి నేర్చుకుని, ఇక్కడ రెండు నెలలుగా కాకతీయుల నాటి నృత్యమైన పేరిణిలో స్త్రీలు ఆడే లాస్యం సాధన చేస్తున్నది.

పోయిన ఆదివారం ఇద్దరం రామప్పకు వెళ్లాము. 1213 నాటి ఆ గుడిలో, రంగమంటపం స్తంభాల మీద చెక్కిన నర్తకులను చాలాసేపు చూసి, "చిన్నమ్మా, ఈ భంగిమ నుంచి ఆ భంగిమకు ఎట్లా వెళ్లేవాళ్లు?" అని అడిగింది. ఆ శిల్పాలనూ, కాకతీయ రాజు గణపతిదేవుని గజసేనాధిపతి జాయప సేనాని రాసిన నృత్య గ్రంథం నృత్తరత్నావళినీ ఆధారం చేసుకుని పేరిణికి మళ్లీ ప్రాణం పోసిన నటరాజ రామకృష్ణ గారి ముందు కూడా ఇదే ప్రశ్న నిలిచి ఉంటుంది. రాయి భంగిమను దాచగలదు కానీ నడుమనున్న కదలికను దాచలేదు కదా. ఆయన పుట్టింది ఇండోనేషియాలోని బాలిలో అని చెప్పగానే పిల్ల ముఖం విచ్చుకున్నది.

ప్రదర్శన చివర బతుకమ్మ ఘట్టం వచ్చింది. తంగేడు, గునుగు దొరకని కాలం కాబట్టి వేదిక నడుమ ఉత్త ఇత్తడి తాంబాళం పెట్టి, దాని చుట్టూ వంగి చప్పట్లు చరుస్తూ తిరిగింది. మూడో చుట్టులో గమనించాను: వంగి లేచిన ప్రతిసారీ కుడికాలు నేలను కొద్దిగా రాసుకుంటూ, ఒక తాళం ఆలస్యంగా వచ్చి ఎడమకాలిని కలుసుకుంటున్నది. పక్కన కూర్చున్న అమ్మ చేయి తన కుడిమోకాలి మీదికి వెళ్లింది. పదేళ్ల కిందట మెట్ల మీద జారిపడినప్పటి నుంచి అమ్మ అట్లాగే ఆడుతుంది. మేము ఏటేటా పంపిన వీడియోలు చూసి పిల్ల ఆ ఈడ్పును కూడా అడుగే అనుకుని నేర్చుకున్నది. నాకు కన్నీళ్లు ఆగలేదు.

రాత్రి భోజనాల దగ్గర అమ్మే చెప్పింది: "అది ఆట గాదు బిడ్డా, నా మోకాలు నొప్పి."

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మరి నొప్పి రాకముందు ఎట్లా వేసేదానివి అమ్మమ్మా?" అని అడిగింది.

అమ్మ చేయి కడుక్కుని, గోడ పట్టుకుని లేచింది.