చూసివచ్చినవారి మాట, కట్టినవారి ప్లాను

థీమ్ పార్కులో కొత్తగా కట్టిన ప్రాంతం ఎలా ఉందని అడిగితే, ఒకే రోజున ఒకే కుటుంబంగా వెళ్ళివచ్చినవారు కూడా ఒకే మాట చెప్పరు. లోకో భిన్నరుచిః అని సరిపెట్టుకోవచ్చు గాని, బరంపురంలో ఇళ్ళ ప్లానులు గీసి బతుకుతున్న నాకు ఆ జవాబు చాలదు. కొత్త ఇంటి గురించి యజమాని వీధివైపు ఎలివేషన్ చూసి మాట్లాడతాడు, ఇల్లాలు వంటగట్టు ఎత్తు చూసి మాట్లాడుతుంది, పెద్దావిడ స్నానాలగది గడప దాటలేక మాట్లాడుతుంది. ముగ్గురూ చెప్పేది ఆ ఇంటి డిజైను గురించే. పార్కు చూసివచ్చినవారి అభిప్రాయాలను కూడా అలాగే వినాలి. ఆ మాట అన్నవారు ఏ వేళకు వెళ్ళారు, ఎంతసేపు నిలబడ్డారు, దేనికోసం ఎదురుచూశారు అన్నది తెలియకుండా బాగుంది, బాగాలేదు అన్న మాటలు కూడితే ఏమీ తేలదు.

మా మేనకోడలు కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తోంది. అక్కా బావగారూ ఆమె దగ్గర కొంతకాలం ఉండి వచ్చారు. అప్పుడే ముగ్గురూ అనహైమ్‌లోని డిస్నీలాండ్‌కు వెళ్ళి, స్టార్ వార్స్ అనే అంతరిక్ష సాహస సినిమాల ఆధారంగా కట్టిన స్టార్ వార్స్ గెలాక్సీస్ ఎడ్జ్ అనే ప్రాంతం చూశారు. 2019 మే 31న తెరిచిన ఆ ప్రాంతం 14 ఎకరాలు. అదే ఏడాది ఆగస్టు 29న ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో దాని జంట తెరుచుకుంది. సినిమాల్లో అప్పటికి కనిపించిన ఏ చోటునూ వారు కట్టలేదు. బటూ అనే కల్పిత గ్రహాన్ని, దాని మీద ఒక వ్యాపారుల ఊరిని పార్కు కోసమే ఊహించి, ఎత్తైన రాతిశిఖరాలతో, పాతబడినట్టు కనిపించే గోడలతో, అసలు పరిమాణంలో నిలిపిన అంతరిక్షనౌకతో ఆ ఊరిని నిర్మించారు. నేల మీద యంత్రమానవులు నడిచిన జాడలు కూడా అచ్చువేశారు. అక్కడి ఉద్యోగులు ఆ ఊరివాళ్ళలాగే పలకరిస్తారు. దుకాణాల బోర్డులు సినిమాల కోసం కల్పించిన లిపిలో ఉంటాయి. శీతల పానీయాల సీసాలు కూడా గుండ్రని బంతుల ఆకారంలో చేయించారు. వాటిని చూసి గ్రెనేడ్లనుకోవచ్చని అమెరికా విమానాశ్రయ భద్రతాధికారులు మొదట విమానాల్లో వద్దన్నారు, ఆ తర్వాత ఒప్పుకున్నారు. డిజైను మరీ బాగా కుదిరితే వచ్చే చిక్కుల్లో అది ఒకటి.

తిరిగివచ్చాక ముగ్గురి మాటలూ విన్నాను, మేనకోడలిది ఫోనులో. ఆమె దృష్టిలో ఆ ప్రాంతానికి సాటి లేదు. ఆ ఊరి ద్వారం దాటగానే వెనుక వదిలివచ్చిన పార్కు కనబడదనీ, సంగీతం మారిపోతుందనీ, ఏ మూల చూసినా బయటి లోకం చొరబడలేదనీ చెప్పింది. ఇది నిపుణులు కూడా మెచ్చుకునే గుణమే. ఒక కాల్పనిక ప్రదేశం నుంచి మరొకటి కనబడకుండా చేయడానికి ఎంత మట్టిదిబ్బ వేయాలి, ఎక్కడ దారి మెలితిప్పాలి అన్న లెక్క ఈ పార్కుల రూపకల్పనలో సగం పని.

రైల్వేలో పనిచేసి రిటైరైన బావగారికి ఆ బోర్డులే నచ్చలేదు. మరుగుదొడ్డికి కూడా ఆ ఊరి భాషలో రిఫ్రెషర్ అని పేరు పెట్టారనీ, అత్యవసరంలో ఉన్న మనిషికి కథలోని పేరు ఎందుకనీ ఆయన ప్రశ్న. స్టేషన్లో ప్రయాణికుడు బోర్డు చూసి వెతుక్కోకుండా కదలాలి అన్నది ఆయన జీవితమంతా పాటించిన సూత్రం. బావగారి ఫిర్యాదును మేనకోడలు నవ్వి కొట్టిపారేసింది గాని, నేను కొట్టిపారేయను. కథ కోసం దుకాణం పేరు దాచవచ్చు. నీళ్ళకూ, మరుగుదొడ్డికీ, బయటికి పోయే దారికీ దాపరికం పనికిరాదు.

అక్క మాట మరీ క్లుప్తం. "ఎండరా, కూర్చోడానికి చోటు లేదు," అంది. మోకాళ్ళ నొప్పి వల్ల ఆమె రైడ్లు ఎక్కలేదు. వాళ్ళిద్దరూ క్యూలో ఉన్నంతసేపూ సంచులు పట్టుకుని బయట ఉంది. నాకు తట్టిన సంగతి ఏమిటంటే, రైడు ఎక్కనివారే ఆ ప్రాంతాన్ని అందరికంటే ఎక్కువసేపు చూస్తారు. ఎక్కేవారికి గోడలు, రాళ్ళు దారిలో వచ్చిపోయే దృశ్యం మాత్రమే. బయట ఆగిన అమ్మమ్మకు, చంకలో పసిబిడ్డ ఉన్న తల్లికి అదే గంటల తరబడి ఉండే ఇల్లు. అభిప్రాయాలు చెప్పేవారిలో వీరి గొంతు తక్కువ వినిపిస్తుంది, ఎందుకంటే ఎలా ఉందని వీరిని ఎవరూ అడగరు. భువనేశ్వర్ అవతల 2024లో వండర్‌లా పార్కు తెరిచినప్పటినుంచి మా వీధి పిల్లలు కూడా వెళ్ళివస్తున్నారు. వారిని అడిగితే రైడ్ల పేర్లు, నీళ్ళ ఆటలు వరుసగా చెబుతారు. వెంట వెళ్ళిన నాయనమ్మలను అడిగితే వేరే పార్కు గురించి చెబుతున్నారేమో అనిపిస్తుంది.

నీడ విషయంలో కొత్త ప్రాంతాలన్నిటికీ ఒక సహజమైన ఇబ్బంది ఉంది. గోడను పాతదానిలా రంగు వేసి చూపించవచ్చు గాని, చెట్టుకు వయసు రంగుతో రాదు. 2025 మే 22న ఓర్లాండోలో తెరిచిన ఎపిక్ యూనివర్స్ పార్కు గురించి కూడా సందర్శకులు నిర్మాణాలను ఎంత మెచ్చుకున్నారో, నీడ చాలదని అంత గట్టిగా అన్నారు. ఈ చిక్కు మొదటి డిస్నీలాండ్‌కు కూడా తప్పలేదు. 1955 జులై 17న అది తెరిచిన రోజున ఎండకు కొత్త తారు మెత్తబడి ఆడవారి చెప్పుల మడమలు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె కారణంగా తాగునీటి కుళాయిలు చాలాచోట్ల పనిచేయలేదు. మొక్కలకు డబ్బు చాలక, ఒక వైపు మొలిచిన కలుపుకు లాటిన్ పేర్ల చీటీలు తగిలించి తోటలా చూపించారని కూడా అంటారు. ఈనాడు అదే పార్కులో చెట్ల నీడను చూసి, పాత ప్రాంతాల డిజైను ఎంత బాగుందో అంటున్నవారు నిజానికి డెబ్బై ఏళ్ళ ఎదుగుదలను మెచ్చుకుంటున్నారు. అందుచేత కొత్త ప్రాంతానికి నీడ లేదన్న ఫిర్యాదులో కొంత కాలమే తీరుస్తుంది. పందిరి వేయవలసిన చోట వేయకపోవడాన్ని మాత్రం కాలం మీదకు నెట్టకూడదు. గంజాం జిల్లా ఎండలో పెళ్ళి చేసే ఎవరికైనా ముందు చలవపందిరి, ఆ తర్వాతే అలంకరణ.

ఇక ఆ సినిమాల వీరాభిమానుల ఫిర్యాదు వేరు. కథాకాలంలో ఒక నిర్ణీత ఘట్టంలో ఆ ఊరిని నిలిపినందువల్ల, తొలి సినిమాల నాయకులు, ప్రతినాయకుడు అక్కడ తిరగడానికి వీల్లేదని రూపకర్తలు తీర్మానించుకున్నారు. నలభై ఏళ్ళుగా ఎవరిని చూడాలని ఆశపడ్డారో వారే లేని ఊరిని చూసి అభిమానులు చిన్నబుచ్చుకున్నారు. పైగా ప్రారంభం నాటికి ఒక్క రైడే, ఆ అంతరిక్షనౌకను సందర్శకులే నడిపేది, సిద్ధమైంది. రెండోది ఫ్లోరిడాలో 2019 డిసెంబరులో, కాలిఫోర్నియాలో 2020 జనవరిలో తెరిచారు. నౌకను సందర్శకుడు నడిపిన తీరును బట్టి ఊళ్ళో అతనికి మంచిపేరో చెడ్డపేరో వస్తుందని ముందుగా ప్రచారం చేశారు. తెరిచాక ఆ సంగతి పెద్దగా కనబడలేదు. జనం విరగబడతారనుకున్న ఆ ప్రారంభ త్రైమాసికంలో డిస్నీ అమెరికా పార్కుల సందర్శకుల సంఖ్య 3 శాతం తగ్గింది. రద్దీ ఎక్కువగా ఉంటుందన్న భయం, వార్షిక పాసులవారిపై ఆంక్షలు, టికెట్ల ధరలు కూడా అందుకు కారణాలే కాబట్టి, డిజైను తప్పినందుకే జనం రాలేదనడం న్యాయం కాదు. అయినా ఊరు బాగుందని, ఊళ్ళో మనుషులు లేరని ఏకకాలంలో వచ్చిన రెండు అభిప్రాయాలు నాకు ఒకదానికొకటి విరుద్ధంగా తోచవు. రాయి ఒకసారి ఖర్చు. వేషం కట్టి తిరిగే నటులు ప్రతి నెలా జీతం. ఎక్కడైనా ముందు కోత పడేది రెండోదానికే.

ఈ మాట బరంపురంలో కూర్చుని అనడానికి నాకు అర్హత ఉందనుకుంటాను, ఎందుకంటే ఇక్కడ సరిగ్గా దానికి ఎదురు పద్ధతిలో ఒక లోకాన్ని నిర్మిస్తారు. రెండేళ్ళకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టుగా దేశీ బెహెరా వీధిలోని తాత్కాలిక ఆలయానికి వేంచేస్తారు. పట్టుబట్టలు నేసే తెలుగు డేరా కులస్థుల ఆడపడుచు ఆమె. వెదురు, గుడ్డ, దీపాలు, పురాణఘట్టాల బొమ్మలతో నిలిపిన రథాలు తప్ప అక్కడ శాశ్వతంగా కట్టింది ఏదీ లేదు. పొద్దున చూస్తే మామూలు ఇరుకు వీధే. రాత్రి మొక్కుబడి తీర్చుకునేవారు దేవతలుగా, రాక్షసులుగా, సాధువులుగా వేషాలు కట్టి వస్తారు. పులివేషాలు, బాజాలు వస్తాయి. అప్పుడు ఆ వీధి వేరే లోకమవుతుంది. మా పెద్దమ్మలు ఏ ఏటి రథం బాగుందో చర్చించేటప్పుడు బొమ్మ ముఖం ఎంత చక్కగా ఉందన్నది ఒక మాట అయితే, దాని ముందు ఆగి దణ్ణం పెట్టుకునేంత చోటు ఉందా, వెనుకనుంచి జనం తోశారా అన్నవి పది మాటలు. రథం కట్టించిన కమిటీవారు ఆ మాటలు విని మరుసటి యాత్రకు రథాన్ని నాలుగడుగులు వెనక్కు జరిపిన సందర్భాలు నాకు తెలుసు. పద్నాలుగు ఎకరాల రాతిని జరపడం అంత సులువు కాదని ఒప్పుకుంటాను.

కాని జరిపినవారు లేకపోలేదు. డిస్నీలాండ్ పక్కనే 2001 ఫిబ్రవరి 8న కాలిఫోర్నియా అడ్వెంచర్ అనే రెండో పార్కు తెరిచారు. కాలిఫోర్నియాకు వచ్చినవారికి గోడ లోపల కాలిఫోర్నియానే చూపించాలన్న ఆలోచన సందర్శకులకు ఎక్కలేదు. చిన్నపిల్లలకు ఎక్కదగ్గవి తక్కువన్నారు, అలంకరణ చౌకగా ఉందన్నారు. చివరకు 2007లో సుమారు 110 కోట్ల డాలర్ల ఖర్చుతో పునర్నిర్మాణం ప్రకటించి, 2012 జూన్ 15న ముఖద్వారం వీధిని కొత్తగా, దానితోపాటు కార్స్ అనే కార్ల యానిమేషన్ సినిమాలోని ఊరిని పోలిన 12 ఎకరాల కార్స్ ల్యాండ్‌ను తెరిచారు. కార్స్ ల్యాండ్ గురించి నేను విన్నవారిలో దాదాపు అందరూ సాయంత్రం వెళ్ళమనే చెబుతారు. పొద్దువాలాక ఆ వీధిలో నియాన్ దీపాలు వెలిగే క్షణం కోసమే దాన్ని కట్టారని వారి అభిప్రాయం. మిట్టమధ్యాహ్నం చూసివచ్చిన బావగారికి మాత్రం అది కొండల నడుమ పెట్రోలు బంకు.

మరో ఉదాహరణలో సందర్శకుల ఇబ్బందికీ డిజైనుకూ ఉన్న బంధం ఇంకా సూటిగా ఉంటుంది. యూనివర్సల్ సంస్థ 2010 జూన్ 18న ఓర్లాండోలో హ్యారీ పాటర్ కథాప్రపంచంలోని హాగ్స్‌మీడ్ గ్రామాన్ని తెరిచినప్పుడు, కథలో లాగే దుకాణాలను ఇరుకుగా కట్టారు. ఆ ఇరుకే అందం అని మెచ్చుకున్నవారే మంత్రదండాల దుకాణం బయట ఎండలో బారులు తీరారు. 2014 జులై 8న పక్క పార్కులో అదే కథలోని డయాగన్ ఆలీ అనే వీధిని తెరిచేనాటికి అదే దుకాణాన్ని ఎక్కువ గదులతో కట్టారు. వీధి ఇరుకుదనం కంటికి అలాగే ఉంది, మనిషికి తగ్గింది. నా వృత్తిలో ఇంతకంటే మెచ్చదగిన సవరణ అరుదు.

గెలాక్సీస్ ఎడ్జ్ విషయంలో మాత్రం రాయి కదల్చకుండా కాలాన్నే కదిలించారు. ఆ ఊరి కథాకాలాన్ని సడలించి, 2026 ఏప్రిల్ 29 నుంచి తొలి సినిమాల పాత్రలను, సంగీతాన్ని కాలిఫోర్నియాలోని ఆ ఊళ్ళోకి తీసుకువస్తున్నట్టు డిస్నీ 2025లో ప్రకటించింది. ఫ్లోరిడాలోని జంట ఊరికి ఈ మార్పు వర్తించదన్నారు. అభిమానులు కోరుకున్నది దక్కిందని మేనకోడలు సంతోషించాలి గదా, ఆమె మాత్రం ఊరి కట్టుబాటు చెడిందని గింజుకుంటోంది.

నాకు కలిగిన ఆసక్తి వేరు. ఒకే ప్లాను మీద కట్టిన రెండు ఊళ్ళలో ఒకదానిలో నాయకులు ఉంటారు, రెండోదానిలో ఉండరు. రాళ్ళు, ఎండ, బోర్డులు దాదాపు సమానం. సందర్శకుల మెప్పులో కట్టడం వాటా ఎంత, మనుషుల వాటా ఎంత అని తేల్చుకోవడానికి ఇంత అనువైన పోలిక ఇంతవరకు ఏ పార్కులోనూ నాకు కనబడలేదు. ఫ్లోరిడాలో బావగారి తమ్ముడి కొడుకు ఉన్నాడు. వాణ్ణీ మేనకోడల్నీ తమ తమ ఊళ్ళకు ఒకే నెలలో, ఒకే వేళకు, వీలైతే రైడు ఎక్కని పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్ళి, ఎక్కడ ఎంతసేపు ఆగారో రాసి పంపమన్నాను. వాడు సరేనన్నాడు. ఆమె మాత్రం టికెట్ ఎవరు కొంటారని అడిగింది.