ఎనిమిదో నంబరు బెడ్

"ఎప్పుడో అప్పుడు దిగిపోవాల్సిందే గదా మేడం, రెండేళ్ళు ముందుగాల్నే దిగిపోయిన్రు, గంతే." గడువుకు ముందే బడి ఉద్యోగం వదిలిన నాడు ఇట్లా ఓదార్చిన వాళ్ళకు జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఊపిరి లేదు. ఇప్పుడు రాస్తున్నాను.

1989లో తెలుగు పండితురాలిగా ఉద్యోగంలో చేరాను. నల్లగొండ జిల్లా దాటి పోలేదు. నాలుగు ఊళ్ళు, నాలుగూ జెడ్పీ హైస్కూళ్ళే. లెక్క ప్రకారం 2021 జూన్ 30న 58 నిండి ఇంటికి పోవాలి. ఆ మార్చి 22న ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో రిటైర్మెంట్ వయసు 61కి పెంచుతున్నామని చెప్పారు. స్టాఫ్ రూంలో ఆ వార్త విన్నప్పుడు నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. మూడేళ్ళ జీతం కోసం ఏడ్చానని మా బంధువుల్లో ఒకావిడ తర్వాత అన్నది. ఆవిడకు బడి అంటే ఏమిటో తెలియదు.

కరోనాతో 2020 మార్చి 16న బడులు మూసిన నాటి నుంచి నా పిల్లలు చదువుకు దూరమయ్యారు. ఆ సెప్టెంబర్ 1 నుంచి టీశాట్‌లో, యాదగిరి చానల్‌లో పాఠాలు వచ్చాయి, నిజమే. కానీ ఇంట్లో ఒక్క ఫోను, అది నాయిన జేబులో. టీవీ ముందు కూర్చున్న పిల్లకు గురువేదో లఘువేదో అర్థం కాకపోతే ఎవరిని అడుగుతుంది? ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచారు. మార్చి 24 నుంచి మళ్ళీ మూత. ఛందస్సు రాకుండానే ఒక తరగతి నా చేతుల మీదుగా దాటిపోతోంది. అందుకే ఆ మూడేళ్ళు నాకు వరం అనిపించాయి.

ఏప్రిల్ 17న నాగార్జునసాగర్ ఉప ఎన్నిక. నాకు డ్యూటీ పడింది. బీపీ ఉంది, వయసు చూడండి అని కాగితం పట్టుకొని ఒక ఆఫీసుకు పోయాను. అక్కడ కూర్చున్నాయన ఆ కాగితం చదవనే లేదు. "అందరికీ ఏదో ఒకటి ఉంటది మేడం" అన్నాడు. చెయ్యక తప్పలేదు. నాకు ఇచ్చిన పని ఓటర్ల ఎడమ చేతి చూపుడు వేలికి సిరా పెట్టడం. ఓటరు కుడి చేతికి ఒక ప్లాస్టిక్ గ్లౌజు ఇచ్చారు, బటన్ నొక్కడానికి. నాకూ గ్లౌజులు ఇచ్చారు గానీ మధ్యాహ్నానికే వేళ్ళ దగ్గర చిరిగిపోయాయి. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఎన్ని వేళ్ళు పట్టుకున్నానో లెక్క లేదు. పొలం మట్టి ఉన్న వేళ్ళు, బీడీ వాసన వేళ్ళు, చలిజ్వరం ఉన్నట్టు కాలే వేళ్ళు. చిరిగిన గ్లౌజులోంచి సిరా నా చూపుడు వేలి గోటి మీదికి కారి నల్లగా పట్టేసింది. సబ్బు, నిమ్మకాయ, ఏది రుద్దినా పోలేదు.

19న ముఖ్యమంత్రికే పాజిటివ్ అని టీవీలో చెప్పారు. 21న నాకు జ్వరం మొదలైంది.

పరీక్షలు, స్కాన్, మందుల సంగతి అందరికీ తెలిసిందే, రాయను. ఐదో రోజు ఆక్సిజన్ 86కు పడిపోయింది. మా అబ్బాయి హైదరాబాద్‌లో బెడ్ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఒక చోట లక్షల్లో అడ్వాన్సు అడిగారు, ఒక చోట ఫోనే ఎత్తలేదు. చివరికి నల్లగొండలోనే ఒక దవాఖానలో దొరికింది. పన్నెండు మంచాల వార్డు. నాది ఎనిమిది.

నర్సు వేలికి ఆక్సిమీటర్ పెట్టింది. అంకె రాలేదు. తీసి మళ్ళీ పెట్టింది. అప్పుడు గోరు చూసి, "ఓటు వేసొచ్చిన్రా అమ్మా?" అని అడిగింది. నేను ఓటు వెయ్యలేదు, వేయించాను. చెప్పే ఓపిక లేదు. ఆమె వేరే వేలికి మార్చింది.

నాలుగో రాత్రి గురించి రాయాలి. మూడేళ్ళుగా రాద్దామనుకుని పక్కన పెట్టింది అదే.

పెద్ద మాస్కు, దానికి సంచి. తల దగ్గర గోడకు నీళ్ళ సీసా, అందులోంచి గాలి బుడబుడమని వస్తుంది. ఆ బుడగలు ఆగితే నేను ఆగిపోతానని మనసులో పడిపోయింది. కన్ను మూయకుండా వాటినే చూస్తున్నాను. రాత్రి రెండు దాటింది. మంచం కాళ్ళ దగ్గర ఒకాయన నిలబడి నా కేసు షీటు తిప్పుతూ ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఒళ్ళంతా కప్పుకున్న తెల్ల డ్రెస్సు, ముఖం కనబడదు. గొంతు పిల్లవాడి గొంతే. "ఎనిమిది తెల్లారేసరికి ఖాళీ అయితది అన్నా. ఆరింటికి పంపించు."

ఎనిమిది నేనే.

ఆయన నా వైపు చూడలేదు. నాకు వినబడిందని ఆయనకు తెలియదు. నేను అరవాలనుకున్నా. మాస్కు లోపల పెదాలు కదిలాయంతే. మా సారు గుర్తుకొచ్చారు, బీరువా తాళం ఎక్కడ పెట్టానో ఆయనకు చెప్పలేదన్నది గుర్తుకొచ్చింది. ఇంకేమీ గుర్తు రాలేదు. పెద్ద పెద్ద ఆలోచనలు వస్తాయంటారు గానీ, నాకు రాలేదు.

అప్పుడు లెక్క పెట్టడం మొదలుపెట్టాను. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. మాత్ర అంటే చిటికె వేసేంత సేపు. ముప్పై రెండేళ్ళు పిల్లల చేత చిటికెలు వేయించిన పాఠం అది. గాలి లోపలికి రెండు మాత్రలు, బయటికి మూడు. అంతకు మించి నిలవడం లేదు. రెండు గురువులంత పీల్చాలని చూస్తే దగ్గు తెర తెరగా వచ్చేది.

ఆ సమయంలో వార్డు తుడిచే ఆయమ్మ వచ్చింది. కర్ర గోడకు ఆనించి నా ముఖం మీదికి వంగింది. "మేడం, బోర్ల పండు. నేను పట్టుకుంట." నా బరువు తక్కువ కాదు. ఆమె ఒక్కతే ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుం కింద పెట్టి, పైపు ఊడకుండా తిప్పింది. రొమ్ము కింద దుప్పటి మడిచి పెట్టింది. వెళ్ళిపోలేదు. వీపు మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది, పసిపిల్లను జోకొట్టినట్టు. అది ఆమె డ్యూటీ కాదు. ఆమె డ్యూటీ నేల తుడవడం. ఎంత సేపో చెప్పలేను. అంకె 79 నుంచి 88కి వచ్చిందని తెల్లవారుజామున నర్సు చెబితే తెలిసింది.

నాలుగింటికి పక్కన ఏడో నంబరు బెడ్‌లో చప్పుడు ఆగిపోయింది. సాగర్ దిక్కు ఊరు నుంచి వచ్చిన కూలి ఆమె. ముందు రోజు నాకు సైగ చేసి, తన బత్తాయి రసం సగం నాకు ఇప్పించింది. ఆరింటికి స్ట్రెచర్ మీద కొత్త పేషెంటు వచ్చాడు. ఆయనకు ఏడో నంబరు ఇచ్చారు.

ఆ ఫోన్ మాట మాట్లాడిన పిల్లవాడు ఎన్ని రోజులుగా నిద్ర లేకుండా ఉన్నాడో నాకు తెలుసు. బయట అంబులెన్సులో ఇంకెవరో ఊపిరాడక కొట్టుకుంటుంటేనే ఆ మాట అన్నాడని కూడా తెలుసు. పొద్దున నా మందులు మార్చి, ఇంజెక్షన్ దొరక్కపోతే తనే నాలుగు చోట్లకు ఫోన్ చేసి తెప్పించింది కూడా ఆ గొంతే. ఆ మేలు మరువను. ఆ మాటా మరువను. రెండూ ఒకే మనిషివి, ఒకదాన్ని ఇంకోదానితో కొట్టేసుకోవడం నా వల్ల కావడం లేదు. డాక్టర్లు, నర్సులు, చూసిపోవడానికి వచ్చిన చుట్టాలు, ఎవరైనా సరే, రోగి కళ్ళు మూసుకుని ఉంటే చెవులు కూడా మూసుకున్నాడని అనుకోకండి. దండం పెట్టి చెబుతున్నా.

పన్నెండో రోజు, మే 8న ఇంటికి పంపారు. ఉప ఎన్నిక ఫలితం 2వ తేదీనే వచ్చిందట. ఎవరు గెలిచారని నేను అడగలేదు. మే 12 నుంచి లాక్‌డౌన్. మా సారు పొద్దున ఆరు నుంచి పది లోపల బయటికి పోయి బత్తాయిలు, గుడ్లు తెచ్చేవారు. స్టెరాయిడ్లతో షుగర్ వచ్చింది, ఇప్పటికీ పోలేదు. మూడు బంతుల పరికరం ఇచ్చారు. చాలామంది దాన్ని ఊదుతారు, ఊదకూడదు, పీల్చాలి. నాకు మొదటి బంతి లేవడానికి పద్దెనిమిది రోజులు పట్టింది.

సెప్టెంబర్ 1న బడులు తెరిచారు. మా అబ్బాయి వద్దన్నాడు. "లీవ్ పెట్టమ్మా, ఇంకా ఉన్నది గదా" అన్నాడు. నేను వినలేదు. గోటి మీద సిరా అప్పటికి కొన దాకా పెరిగి నెలవంకలా సన్నగా మిగిలింది. పదో తరగతి. చంపకమాల. పాదానికి 21 అక్షరాలు, పదకొండో అక్షరం యతి స్థానం. సంస్కృతంలో యతి అంటే ఆగడం, మన తెలుగులో అక్కడ ఆగాల్సిన పని లేదు, మొదటి అక్షరంతో మైత్రి కుదిరితే చాలు అని ఎన్ని వందల మందికి చెప్పానో. బోర్డు మీద రాసి, గొంతెత్తి పద్యం అందుకున్నాను. తొమ్మిదో అక్షరం దగ్గర గాలి అయిపోయింది.

బల్ల పట్టుకుని నిలబడ్డాను. పిల్లలకు అర్థం కాలేదు. సగం చదివి ఆపి, మిగతాది వాళ్ళ చేత చెప్పించడం నాకు ముందు నుంచీ అలవాటు. అదే అనుకుని, తరగతి మొత్తం బోర్డు చూసి ఒక్క గొంతుతో మిగిలిన పాదం పూర్తి చేసింది. మాస్కుల వెనక నుంచి, గట్టిగా. "సరిగ్గా చెప్పినమా మేడం?" అని అడిగారు. తల ఊపాను. రెండో పాదం దగ్గర మళ్ళీ అంతే, మూడో పాదం దగ్గర మళ్ళీ. వాళ్ళకు అది ఆట అయింది.

నెల రోజులు అట్లా నడిపాను. పద్యం సగం నాది, సగం వాళ్ళది. ఆఖరికి మెట్లెక్కి మొదటి అంతస్తు గదికి పోవడానికి పది నిమిషాలు పడుతుంటే, నా పీరియడ్ లోంచే ఆ పది నిమిషాలు పోతుంటే, మనసు ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ళ సర్వీసు దాటిన వాళ్ళు మూడు నెలల నోటీసు ఇచ్చి స్వచ్ఛందంగా తప్పుకోవచ్చు. కాగితంలో 'స్వచ్ఛంద' అని రాయాలి. ఆ మాట రాసేటప్పుడు నా చెయ్యి ఆగింది. తెలుగు పండితురాలిని, మాట అర్థం తెలిసి తెలిసి తప్పు రాసింది ఆ ఒక్కసారే. డిసెంబర్ 31న శాలువా కప్పారు. మాట్లాడమన్నారు. దండం పెట్టి కూర్చున్నాను.

ఆ దవాఖానకు రెండుసార్లు పోయి ఆయమ్మ గురించి అడిగాను. కాంట్రాక్టు మారిందమ్మా, అప్పటి వాళ్ళు ఎవరూ లేరు అన్నారు. పేరు తెలియదు. ముఖం తెలియదు, ముక్కు పైన కళ్ళు తప్ప ఏమీ చూడలేదు. తెలిసింది గొంతు ఒక్కటే.

నేను బతికితే చెర్వుగట్టు కొండ మీది మూడు గుండ్ల దాకా ఎక్కిస్తానని జడల రామలింగేశ్వరునికి మా సారు మొక్కుకున్నారట. నాకు చెప్పకుండా మూడేళ్ళు దాచారు, నేను ఎక్కలేనని. 61 నిండిన నెలాఖరున, 2024 జూన్ 30, ఆదివారం నాడు, పోదామని నేనే అన్నాను. పది మెట్లకోసారి కూర్చున్నాను. ఆయన నీళ్ళ సీసా పట్టుకుని పక్కన నిలబడి ఏమీ అనలేదు. గుండ్ల నడుమ సందు చూస్తే ఛాతీ బిగుసుకుంది. నేను బయటే ఆగాను, ఆయన ఒక్కరే లోపలికి పోయారు.

బండ మీద కూర్చుని ఉంటే వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది, ముసలామెను ఎవరినో సందులోకి దింపుతూ. "భయపడకు, నేను పట్టుకుంట." గబుక్కున తిరిగి చూశాను. పసుపు రాసుకున్న ముఖం, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఆమె కాదు. అయినా లేచి పోయి ఆ ముసలామె ఇంకో చెయ్యి నేను పట్టుకున్నాను.