మెదక్ గుడిలో ఆగిపోయిన మాట

బాలానగర్‌లో మెదక్ బస్సు ఎక్కేసరికి ఆరున్నర. కండక్టర్ ఆధార్ కార్డులు చూసి ఇద్దరికీ జీరో టికెట్లు కొట్టాడు. "అప్పు లేని ప్రయాణం" అన్నాను నవ్వుతూ. అమ్మ నవ్వలేదు.

కంటి ఆపరేషన్ బాగైతే మెదక్ గుడిలో, అంటే అక్కడి పెద్ద చర్చిలో, కానుక వేస్తానని అమ్మ మొక్కుకుంది. మన చర్చిలోనే వేయొచ్చు కదా అంటే వినలేదు. అమ్మ వాళ్ల తాత ఆ గుడి కట్టేటప్పుడు రాళ్లు మోశాడట. కరువు రోజుల్లో మిషనరీ పాస్నెట్ దొర చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని పనిలో పెట్టుకుని తిండి పెట్టాడని మెదక్ వైపు ఎవరినడిగినా చెప్తారు. 1914లో మొదలైన పని పదేళ్లు సాగింది. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. "ఆ అన్నం తిన్నోళ్లం, ఆ రుణం తీరేది కాదు" అంటుంది అమ్మ. రుణం అనే మాట వింటేనే నాకు మంట. మూడేళ్ల కింద తమ్ముడికి మూడు లక్షలిచ్చాను. ఇప్పుడు వాడు నా ఫోన్ ఎత్తడు.

నర్సాపూర్ అడవి దాటాక అమ్మ కునుకు తీసింది. నేను అలవాటుగా వడ్డీ లెక్కేసుకున్నాను.

మెదక్‌లో దిగేముందే 175 అడుగుల గోపురం కనిపించింది. లోపలికి వెళ్తే చల్లగా, ఎత్తుగా, మన గొంతు మనకే కొత్తగా ఉంటుంది. రంగు అద్దాల కిటికీలు మూడు: యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం. బయటి వెలుతురు పడితేనే బొమ్మలు కనిపిస్తాయి. పొద్దుగూకితే నల్లటి గాజే.

ఆరాధనలో యేసు నేర్పిన పరలోక ప్రార్థన మొదలైంది. ఐదేళ్లప్పటి నుంచి నోటికి వచ్చింది కదా, నోరు దానంతటదే సాగింది. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము" దగ్గర ఆగిపోయింది. ఋణస్థులు! కొందరు ఆ చోట 'అపరాధములు' అంటారు. మా బైబిల్లో మాత్రం అచ్చంగా అప్పు మాటే. పైగా 'క్షమించియున్న'. క్షమిస్తామని కాదు, ఇప్పటికే క్షమించేశామని. అంటే నేను తమ్ముడితో ఉన్నట్టే నువ్వూ నాతో ఉండు అని దేవుణ్ణి అడుగుతున్నాను. రోజూ, రెండు పూటలా. ఫోన్ స్క్రీన్ మీద వాడి పేరు చూసి పళ్లు కొరుక్కునే మనిషిని!

క్షమించమంటే చాలామంది "పోనీలే, ఎంత దానికి" అంటారు. నాకు ఆ మాట నచ్చదు. మత్తయి 18లో యేసు చెప్పిన కథలో, రాజు దగ్గర అప్పు మాఫీ అయిన దాసుడికి తోటి దాసుడు బాకీపడ్డది నూరు దేనారములు. దేనారమంటే ఆ కాలంలో ఒకరోజు కూలి. నూరు రోజుల కూలి చిన్న అప్పా? అప్పు చిన్నదని యేసు ఎక్కడా అనలేదు. అప్పిచ్చిన ఆ దాసుడికి మాఫీ అయింది పది వేల తలాంతులని, అంటే జీవితకాలంలో తీరనంత మొత్తమని మాత్రం చెప్పాడు.

కానుకల సంచి వచ్చింది. అమ్మ తన కవర్ వేసింది. నా చేయి కదల్లేదు, సంచి ముందుకు పోయింది.

బయట చెట్టు కింద కూర్చుని పులిహోర డబ్బా విప్పాం.

"నీ కానుక ఏసినవా?"

"లేదమ్మా. తమ్ముడి మీద ఇంత పెట్టుకుని ఎట్ల వేయను? బలిపీఠం దగ్గర విడిచిపెట్టి వెళ్లి సమాధానపడమని ఉంది కదా."

"మంచిగ చదువు బిడ్డా. నీకు వాని మీద ఉంటే అని లేదు ఆడ. వానికి నీ మీద ఉంటే అని ఉంది."

ఫోన్‌లో బైబిల్ తీశాను. మత్తయి 5:23. "నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని" అనే ఉంది. ఇన్నేళ్లూ తిరగేసి చదువుకున్నాను.

"వానికి నా మీద ఏముంటది? పైసలు నావి."

"శుభలేఖలు పంచనీకి పోయిననాడు, వాని అత్తగారోళ్ల ముందట అప్పు అడిగినవ్. ఆనాడు వాని మొఖం చూసినవా? నేను చూసిన."

ముద్ద మింగుడు పడలేదు. చూశాను. చూశాను కాబట్టే ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా.

వాడు డబ్బు ఇవ్వాలి, అది వేరే లెక్క. అడగడం మానను. కానీ ఆ రోజు నేను చేసింది అప్పు వసూలు కాదు.

తిరుగు బస్సులో నా కానుక కవర్ నా సంచిలోనే ఉంది. బాలానగర్ రాగానే కండక్టర్ "దిగాలమ్మా" అని కేకేశాడు. అమ్మ లేవబోయింది. చేయి పట్టి కూర్చోబెట్టాను.

"సికింద్రాబాద్ దాకా పోదాం. అక్కడ్నుంచి లాలాగూడ ఆటో దొరుకుతుంది."

"వాడు ఇంట్ల ఉంటడో లేదో" అంది అమ్మ, పులిహోర డబ్బాలో ఎంత మిగిలిందో చూస్తూ.