డర్బన్ బజారులో ఒక బెరడు ముక్క

గైడ్‌కు మనిషికి మూడు వందల రాండ్లు ఇచ్చాం. దక్షిణాఫ్రికాలోని డర్బన్ వార్విక్ జంక్షన్‌లో వంతెన ఎక్కగానే అతను చెయ్యి చాపి, "ఇది మంత్రగాళ్ల బజారు, ఫోటోలు తీసుకోండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒకామె కొంగులాంటి గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుంది. డబ్బు పోతే పోయిందని అతన్ని పంపేసి నేనూ వదినా అక్కడే ఉండిపోయాం.

కట్టి వాడకుండా వదిలేసిన రహదారి వంతెన అది. 1990ల చివర్లో నగరపాలకులు దాని మీద మూలికలు అమ్మేవాళ్లకు దుకాణాలు కట్టించారు. అక్కడి జూలూ జాతివాళ్లు మందును ముతి అంటారు. మూలికలతో వైద్యం చేసేవారు ఇన్యాంగా. పూర్వీకులను అడిగి జబ్బుకు కారణం చెప్పేవారు ఇసంగోమా. రెండూ ఏళ్ల తరబడి గురువు దగ్గర నేర్చుకునే విద్యలు. పూర్వీకులను పిలవడానికి ఇంపెఫో అనే ఎండుమొక్కను కాలుస్తారు. దాని పొగ వంతెనంతా కమ్ముకుని ఉంది.

నాకు అప్పటికి నాలుగు రోజులుగా దగ్గు. మొహం కప్పుకున్న ఆమె దగ్గరికే వెళ్లి "సావుబోనా, గోగో" అన్నాను. సావుబోనా అంటే నమస్కారం, గోగో అంటే అవ్వ. ఆమె నవ్వి, నా దగ్గు విని, ఎర్రగోధుమరంగు బెరడు ముక్క విరిచి చేతిలో పెట్టింది. ఆ చెట్టు పేరు ఇసిబాహా. నమిలితే ముందు చేదు, తర్వాత మిరియాల ఘాటు గొంతులోకి దిగింది. ఇరవై రాండ్లు.

మా తాతకు ఆయాసం వస్తే నాయనమ్మ తెల్లమద్ది బెరడు పాలలో మరిగించి ఇచ్చేది. చెట్టుకు ఒక పక్కే చెక్కాలని, చుట్టూ చెక్కితే ఎండిపోతుందని హెచ్చరించి మరీ మనిషిని పంపేది. అది చెప్పగానే గోగో బెరళ్ల బుట్ట పక్కకు జరిపి నాకు పీట వేసింది. వాళ్లమ్మ కూడా అరచేతి వెడల్పు మాత్రమే చెక్కి, గాయానికి బురద మెత్తేదట. ఇప్పుడు రాత్రిపూట గొడ్డళ్లతో వచ్చేవాళ్లు చెట్టును మొదలంటా ఒలిచేస్తున్నారు. బెరడు లోపలి పొరలోంచే ఆకుల నుంచి వేళ్లకు ఆహారం దిగుతుంది. చుట్టూ ఒలిస్తే వేళ్లు పస్తుండి చెట్టు చస్తుంది. అందుకే ఇసిబాహా అంతరించే ప్రమాదమున్న చెట్ల జాబితాకెక్కింది.

బెరడులోని మందుగుణం ఆకులోనూ ఉందని అక్కడి పరిశోధకులు ఎప్పుడో చూపించారు. మరి ఆకు అమ్మకూడదా అని అడిగాను. "ఎండిన ఆకు ఏ చెట్టుదో కొనేవాడికి ఎలా తెలుస్తుంది? బెరడైతే చూసి, కొరికి నమ్ముతాడు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు సముద్రతీరం చూడాలనుకున్నాం. వెళ్లబుద్ధి కాలేదు. చాట్స్‌వర్త్ వైపు సిల్వర్‌గ్లెన్‌లో నగరపాలకుల మూలికల నర్సరీకి వెళ్లాం. వర్ణవివక్ష రోజుల్లో భారతీయులను తరలించి పెట్టిన పేట చాట్స్‌వర్త్. 1860లో మద్రాసు నుంచి మొదలైన కూలీల ఓడల్లో చెరకుతోటలకు వచ్చిన తెలుగువాళ్ల మునిమనవలు ఇప్పటికీ అక్కడున్నారు. వాళ్ల పెరళ్లలో కరివేపాకు చూసి వదిన కారు ఆపించింది.

నర్సరీలో నా భుజం ఎత్తున్న ఇసిబాహా మొక్కలు వరుసగా ఉన్నాయి. తోటమాలి ఒక ఆకు తుంచి ఇచ్చాడు. పచ్చి ఆకు, నోట్లో పెట్టుకుని నమిలాను. చేదు. కాసేపటికి అదే మిరియాల ఘాటు.