ఎయిర్ పిస్టల్, థైరాయిడ్, పానగల్ కట్ట

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో మధ్యనున్న పదో రింగు వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. దాదాపు కిలో బరువుండే పిస్టల్‌ను ఏ ఆసరా లేకుండా ఒంటి చేత్తో చాచి దాన్ని కొట్టాలి. మ్యాచ్‌లో 60 షాట్లు, 75 నిమిషాల టైమ్. చేయి కొద్దిగా ఊగడం గొప్ప షూటర్లకూ ఉంటుంది. ఆ ఊపు పెరిగితే మనం ముందుగా గ్రిప్‌నే, అంటే పిస్టల్ చెక్క పిడినే అనుమానిస్తాం. చెక్కను గీకుతాం, పుట్టీ పెడతాం, నిలబడే తీరు మారుస్తాం.

నాకు అనుమానం వచ్చింది మాత్రం కాళ్ల వల్ల. మా నల్లగొండలోని లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు చిన్నప్పటి నుంచీ ఎక్కుతున్నవే. అలాంటిది సగంలోనే తొడలు పట్టు తప్పాయి. కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేకపోయాను. ఆకలి విపరీతంగా ఉండేది, ఎంత తిన్నా బరువు తగ్గుతూనే ఉంది. చలికాలంలో కూడా చెమటలు. ఊరికే కూర్చున్నా నాడి వంద దాటేది. గురి చూసేందుకు పిస్టల్ కొసన ఉండే ముందు సైట్ మునుపటిలా మెల్లగా ఊగడం మానేసి, సన్నగా, వేగంగా అదురుతోంది. ఆ అదురు ట్రిగ్గర్ వేలి దాకా తెలిసేది.

నల్లగొండలోని డాక్టర్ నా చేతులు ముందుకు చాపించి వేళ్ల మీద ఒక కాగితం పెట్టారు. అది రెపరెపలాడింది. రక్తపరీక్షలో థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ దాదాపు లేదు, థైరాయిడ్ చేసే హార్మోన్లు టీ3, టీ4 బాగా ఎక్కువ. గ్రేవ్స్ వ్యాధి అన్నారు. ఒంట్లోని యాంటీబాడీలే థైరాయిడ్ గ్రంథిని ఎగదోసి, అవసరానికి మించి హార్మోన్ చేయిస్తాయి. దాంతో గుండె వేగం పెరుగుతుంది, చేతులు వణుకుతాయి, తొడల్లో, భుజాల్లో కండ కరుగుతుంది. షూటర్‌కు కావాల్సినవన్నీ ఒకేసారి పోయినట్టు!

డాక్టర్ రెండు మందులు రాశారు. కార్బిమజోల్ కొత్త హార్మోన్ తయారీని తగ్గిస్తుంది. గ్రంథిలో అప్పటికే నిల్వ ఉన్నది ఖర్చయ్యేదాకా కొన్ని వారాలు పడుతుంది. అందాకా గుండెను కాపాడటానికి ప్రొప్రనొలాల్. ఈ రెండోది బీటా బ్లాకర్. గుండె వేగాన్నీ చేతి వణుకునూ తగ్గిస్తుంది కాబట్టే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ‘వాడా’ షూటింగ్‌లో దాన్ని నిషేధించింది, అదీ పోటీ రోజులకే కాదు, మిగతా రోజులకు కూడా. ఆ సంగతి చెబితే డాక్టర్, "ముందు నీ గుండె సంగతి చూద్దామమ్మా" అన్నారు. ఆ మాట సరైనదే. మందు వేసుకున్నాను, పోటీలకు పేరివ్వలేదు. వైద్య కారణాలతో అనుమతి అడిగే పద్ధతి ఉంది. కానీ వణుకు ఆపే మందు వేసుకుని ఫైరింగ్ లైన్ మీద నిలబడటానికి నా మనసు ఒప్పుకోలేదు. అలాగని పోటీ ఉందని ఈ మాత్రను ఎవరూ సొంతంగా ఆపొద్దు. హఠాత్తుగా ఆపితే గుండె మళ్లీ పరుగెడుతుంది.

కార్బిమజోల్‌తో అరుదుగా తెల్ల రక్తకణాలు పడిపోతాయట. జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి వెంటనే రక్తం చూపించుకోమన్నారు. అప్పటి నుంచి అమ్మ రోజూ పొద్దున్నే, "గొంతు నొస్తుందా బిడ్డా?" అని అడగనిదే చాయ్ ఇవ్వలేదు.

నాడి కుదుటపడేదాకా డాక్టర్ కసరత్తు వద్దన్నారు. తర్వాత పానగల్‌లోని ఉదయసముద్రం చెరువు కట్ట మీద నడక మొదలైంది. "నిలవడి కాల్చుడే గదా, గీ నడుసుడెందుకు?" అంది అమ్మ. హైదరాబాద్ పిస్టల్ షూటర్ ఈషా సింగ్‌ను టీవీలో చూసినవాళ్లందరికీ వచ్చే ప్రశ్నే ఇది. ఆ అమ్మాయి రాయిలా నిలబడినట్టే కనిపిస్తుంది. నిజానికి షాట్లు మధ్యలో ఆపి దించినవి కూడా కలిపితే చేయి అరవై కంటే చాలా ఎక్కువసార్లే లేస్తుంది. గంటకు పైగా నడుము, మోకాళ్లు కదలకూడదు. నాడి నెమ్మదిగా ఉంటే రెండు కొట్టుకోవడాల మధ్య కాస్త ఎక్కువ నిశ్చలం దొరుకుతుంది. ఆ నెమ్మది నాకు నడకే తెచ్చింది.

తొడల కోసం కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, నడుముకు ప్లాంక్, కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడటం, భుజం లోపలి చిన్న కండరాలకు రబ్బరు బ్యాండ్. బరువులెత్తిన వెంటనే పిస్టల్ ముట్టుకునేదాన్ని కాదు, అలిసిన కండ ఎవరిదైనా వణుకుతుంది. చివరికి పెల్లెట్ లేకుండా తెల్లగోడ ముందు డ్రై ప్రాక్టీస్. ముందు సైట్‌నే చూడటం, ఊపిరి సగం వదిలి ఆగడం, ఎనిమిది సెకన్లలో ట్రిగ్గర్ పడకపోతే దించేయడం. దించేయడానికి మనోబలం కావాలి, టెన్షన్‌లో చేయి దిగనంటుంది.

పరీక్షల్లో అంకెలు సర్దుకున్నాక డాక్టరే ప్రొప్రనొలాల్‌ను కొద్దికొద్దిగా తగ్గించి ఆపారు. కార్బిమజోల్ చిన్న డోసులో ఇంకా నడుస్తోంది, దానికి షూటింగ్‌లో అభ్యంతరం లేదు. గచ్చిబౌలి రేంజ్‌లో మళ్లీ పూర్తి 60 షాట్లు కాలుస్తున్నాను. మునుపు చివరి పదింటిలో పడిపోయే స్కోరు ఇప్పుడు నిలబడుతోంది. జలుబు మాత్ర వేసుకోవాలన్నా ముందు వాడా జాబితా చూస్తున్నాను.