వాన్ జిల్స్ కనుమలో డిఫెండర్

కొత్త డిఫెండర్ 110ను నమీబియా వాయవ్య మూలన ఉన్న కావొకోలాండ్‌లో నడపాలన్న కోరిక నాకు 2020 నుంచీ ఉంది. ఆ ఏడాది ల్యాండ్ రోవర్ సంస్థ దేశదేశాల మోటారు పాత్రికేయులను పిలిచి ఈ బండిని వాళ్ళ చేతికిచ్చింది ఆ నేల మీదే. పాత డిఫెండర్ తయారీ 2016 జనవరిలో సోలిహల్ కర్మాగారంలో ఆగిపోయింది. 2019 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో కొత్తది కనబడినప్పుడు, నిచ్చెన ఆకారపు ఛాసిస్ పోయి దాని స్థానంలో అల్యూమినియం మోనోకాక్, అంటే విడి ఛాసిస్ లేకుండా దేహమే బరువు మోసే నిర్మాణం, వచ్చిందని తెలిసి పాత బండి అభిమానులు చాలామంది పెదవి విరిచారు. నాకూ అప్పుడు నచ్చలేదు. జొహానెస్‌బర్గ్‌లో పద్నాలుగేళ్ళుగా గనుల యంత్రాల మరమ్మతు విభాగంలో పనిచేస్తున్న నాకు, బోల్టు విప్పి చూడగలిగిన దాని మీద కుదిరినంత గురి తెర మీద బొమ్మలు చూపించే దాని మీద కుదరదు. అయినా కొన్నాను. కొన్నాక, ఆ సందేహం తీరాలంటే వెళ్ళవలసిన చోటు ఒకటే అనిపించి కిందటి ఆగస్టులో బయలుదేరాను.

కావొకోలాండ్‌కు ఒంటరి బండిలో వెళ్ళకూడదు. విండ్‌హూక్‌లో ఉండే మిత్రుడొకడు తన ల్యాండ్ క్రూయిజర్ 79 పికప్‌తో తోడు వచ్చాడు. కునేనె ప్రాంతానికి ముఖ్యపట్టణమైన ఒపువోలో ట్యాంకులు నింపుకుని, పైన రెండేసి డబ్బాల డీజిల్, మనిషికి రోజుకు ఐదు లీటర్ల లెక్కన వారానికి సరిపడా నీళ్ళు ఎక్కించుకున్నాం. మరియెన్‌ఫ్లుస్ లోయ చూసి, దక్షిణాన సెస్ఫొంటెయిన్ చేరేదాకా మధ్యలో పెట్రోలు బంకు అన్నది లేదు. టైరు షాపు సంగతి చెప్పనే అక్కరలేదు.

మొదటి పరీక్ష కంకర రోడ్డే పెట్టింది. వదులు కంకర మీద బండ్లు ఒక స్థాయికి మించిన వేగంతో తిరుగుతూ ఉంటే చక్రం చిన్న ఎత్తు మీద ఎగిరి, పడిన చోట గుంట చేసి, అక్కడి నుంచి మళ్ళీ ఎగురుతుంది. కొన్నాళ్ళకు రోడ్డంతా అడ్డంగా రేకు కప్పులా అలలు తేరుతుంది. ఆ అలల మీద గంటల తరబడి నడిస్తే షాక్ అబ్జార్బర్లలోని నూనె కాగిపోతుంది, బిగించిన నట్లు వదులవుతాయి. తారు రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉన్న టైర్లను 26కు దించి, 70 కిలోమీటర్ల వేగం దాటకుండా వెళ్ళాం. రెండు గంటల తరువాత ఆగి షాక్ అబ్జార్బర్లను చేత్తో తాకి చూశాం. రెండు బండ్లలోనూ క్షణం కంటే ఎక్కువ చెయ్యి ఆనించలేకపోయాం. లోపల కూర్చున్న నాకు మాత్రం ఆ కష్టమేమీ తెలియలేదు, నన్ను కలవరపెట్టింది అదే. బండి బాధ డ్రైవరుకు తెలియనంత మెత్తగా ఉంటే, ఆగి దానికి ఊపిరి తీసుకునే సమయం ఇవ్వాలన్న ఆలోచన కూడా రాదు. ఆ తరువాత గడియారం చూసి ఆపడం మొదలుపెట్టాను.

ఒకాంగ్వాటి అనే ఊరు దాటాక రోడ్డు అన్న మాటకు అర్థం మారిపోతుంది. మోపనె చెట్ల మధ్య ఎర్రమట్టి దారి రాళ్ళ దారిగా, రాళ్ళ దారి ఎండిన వాగుగా మారుతూ వాన్ జిల్స్ కనుమ అంచుకు చేరుస్తుంది. బెన్ వాన్ జిల్ అనే అధికారి పేరు మీద ఉన్న ఈ కనుమను తూర్పు నుంచి పడమటికి దిగడమే రివాజు. ఎదురు బండి వస్తే తప్పుకునే చోటు ఉండదు కనుక సాధారణంగా ఎవరూ కింది నుంచి ఎక్కరు. చివరి దిగుడు అంచున నిలబడితే అల్లంత కింద మరియెన్‌ఫ్లుస్ గడ్డి మైదానం పాలిపోయిన పసుపు రంగులో కనబడుతుంది. అక్కడికి చేర్చే దారి మాత్రం కనబడదు, బానెట్‌కు అవతల ఆకాశమే ఉంటుంది.

మేము బండ్లు ఆపి ముందుగా కాలినడకన దిగాం. మాది అనంతపురం జిల్లా. దిగుడు వస్తే మా తాతగారు ఎద్దుబండి మీంచి దిగి, కాడి పట్టుకుని ఎద్దులకు ముందు నడిచేవారు. ఏ రాయి మీద చక్రం ఎక్కాలి, ఏది రెండు చక్రాల మధ్యకు రావాలి అన్నది ఆయనకు నడకలోనే తేలేది. ఆ రోజు నేను చేసిందీ అదే పని. డిఫెండర్ అడుగుకూ నేలకూ మధ్య ఎత్తు, గాలి సస్పెన్షన్‌ను పైకి లేపినప్పుడు, 291 మిల్లీమీటర్లు. బంపరు నేలకు తగలకుండా ఎక్కగలిగే ముందు కోణం 38 డిగ్రీలు, దిగగలిగే వెనక కోణం 40. చదివినప్పుడు గొప్పగా ఉండే ఈ అంకెలకు, మోకాలి ఎత్తు రాతి మెట్టు పక్కన నిలబడి జానతో కొలిచి చూసుకుంటేనే అర్థం తెలుస్తుంది.

దిగుతున్నప్పుడు మొదట దిగుడు వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటునే నమ్ముకున్నాను. అది ఏ చక్రం తొందరపడితే ఆ చక్రానికి బ్రేకు వేస్తుంది. పని బాగానే చేసింది, కానీ కింది నుంచి గరగరమని ఆగకుండా చప్పుడు, కొంతసేపటికి బ్రేకుల వేడి వాసన. ముందు వెళుతున్న మిత్రుడి బండి మాత్రం లో రేంజ్ మొదటి గేరులో, ఏ పెడలు మీదా కాలు లేకుండా, ఇంజను బిగువు మీదే మెట్టు మెట్టుగా దిగిపోతోంది. వాడు ఆగి, వెనక్కి నడిచి వచ్చి, "బ్రేకుతో దింపకు. గేరుతో దింపు," అన్నాడు. ఆ ఏర్పాటును ఆపేసి, లో రేంజ్‌లో గేరును చేత్తో ఒకటికి కట్టేశాను. లో రేంజ్ అంటే అదే ఇంజను వేగానికి చక్రం దాదాపు మూడో వంతు వేగంతో తిరగడం. బండి మనిషి నడక కంటే నెమ్మదించింది, చప్పుడు ఆగిపోయింది. స్టీరింగ్ పట్టిన చేతులకు రాళ్ళు ఒక్కొక్కటిగా తెలియసాగాయి. ఇలాంటి బండిని జనం గుర్రపు శక్తిని బట్టి బేరీజు వేస్తారు. నన్నడిగితే, బ్రేకు ముట్టుకోకుండా అది ఎంత నెమ్మదిగా పోగలదో ముందు చూడాలి. ఆ లెక్కన కొత్త డిఫెండర్ నెగ్గింది. ముందు ఎడమ చక్రం గాలిలోకి లేచి, వెనక కుడి చక్రం గుంటలో కూరుకుపోయిన చోట కూడా దేహం మెలిపడినట్టు అనిపించలేదు. ఆపి తలుపులు తెరిచి మూసి చూశాను, అన్నీ మామూలుగానే పడ్డాయి. మోనోకాక్ మీద నాకున్న శంక అక్కడితో తీరింది.

నష్టం నా ఎంపిక వల్ల జరిగింది. చూడటానికి బాగుంటాయని 20 అంగుళాల చక్రాలు తీసుకున్నాను. చక్రం పెద్దదయ్యేకొద్దీ టైరు పక్క గోడ ఎత్తు తగ్గుతుంది, గాలి తగ్గించినప్పుడు ఆ కాస్త గోడ రాతికీ రిమ్ముకూ మధ్య నలుగుతుంది. మూడో మలుపులో వెనక ఎడమ టైరు పక్క గోడ కత్తితో కోసినట్టు నాలుగు వేళ్ళ మేర చీలింది. నేలను తాకే తొక్కభాగంలో మేకు దిగితే అతుకు వేయవచ్చు గాని, గోడ చీలిన టైరుకు అక్కడ మందు లేదు. ఆ వాలులో జాకీ పెట్టడానికి సమతలమే దొరకలేదు. మేకలు తోలుకుంటూ వచ్చిన, అక్కడి హింబా తెగ పెద్దాయన ఒకరు "మొరో" అని పలకరించి, కాసేపు చూసి, మేము చక్రం కింద పెట్టిన గుండ్రాయిని కాలితో తోసేసి బల్లపరుపు రాళ్ళు రెండు తెచ్చి తానే అమర్చారు. గంటన్నర పట్టింది. బండి ఒక్క అంగుళం కూడా జారలేదు. వెళ్ళేటప్పుడు ఆయనకు నీళ్ళు, మొక్కజొన్న పిండి ఇచ్చాం. మిత్రుడికి వచ్చిన నాలుగు మాటల్లో ఆయన మేకల క్షేమం, వర్షాల సంగతి అడిగాం.

కనుమ కింద, మైదానంలో, ఒకే జాడలో వెళ్ళాలి. గడ్డి మధ్య గుండ్రంగా బోడిగా ఉండే వలయాలు అక్కడ వేల సంఖ్యలో ఉంటాయి. అవి చెదపురుగుల పనా, నీటి కోసం గడ్డి దుబ్బులు తమలో తాము చేసుకున్న సర్దుబాటా అన్న వాదన శాస్త్రజ్ఞులలో ఇంకా నడుస్తోంది. వాటి మీంచి బండి తోలిన జాడలు కొన్ని కనబడ్డాయి. ఈ ఎడారి నేల మీద ఒక్కసారి పడిన చక్రపు జాడ దశాబ్దాల పాటు చెరగదు. బండి సత్తా చూడాలన్న ఉత్సాహంతో దారి విడిచి పోయేవారిని నేను క్షమించలేను. రాళ్ళ మీద తగిలిన దెబ్బ మన బండితోనే పోతుంది, ఇక్కడి దెబ్బను ఆ నేల భరిస్తూ ఉండాలి.

ఆ రాత్రి రెడ్ డ్రమ్ కూడలికి ఇవతల దిగి, టార్చి పట్టుకుని బండి కింద పడుకుని చూశాను. అడుగు కవచం మీద మూడు గీతలు, ఒక చోట చిన్న సొట్ట. నూనె చెమ్మ ఎక్కడా లేదు. కానీ అప్పటికి నా దగ్గర స్టెప్నీ లేదు, మిత్రుడి చక్రాలు నా బండికి పట్టవు, సెస్ఫొంటెయిన్ దాకా ఇంకా రెండు రోజుల రాళ్ళ దారి ఉంది. ఆ రెండు రోజులూ గంటకు ఇరవై కిలోమీటర్ల లోపునే నడిపాను. ఇంటికి చేరిన వారంలో, నా బండి బ్రేకులకు పట్టే చక్రాలలో అన్నిటికంటే చిన్నవి ఏవో కనుక్కుని, నాలుగు కాదు, ఆరు తెప్పించుకున్నాను.