ఆరున్నరకి నాలుగు మాత్రలు

టీబీ వచ్చేదాకా నాకు పొద్దుట పూట అనేది లేదు. రుషికొండ ఐటీ హిల్స్‌లో నైట్ షిఫ్ట్. సాయంత్రం ఐదున్నరకి క్యాబ్ వచ్చేది, తెల్లవారుజామున నాలుగింటికి పెదవాల్తేరులో మా సందు మొదట్లో దింపేది. పడుకుని లేచేసరికి పదకొండో పన్నెండో. లేవగానే టీ, ఫోను. ఆకలేస్తే రెండింటికి అన్నం. ఐదేళ్లు అలాగే గడిచాయి.

సంక్రాంతి వెళ్లాక దగ్గు మొదలైంది. ఆఫీసులో ఏసీ పడలేదనుకున్నాను. తర్వాత సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం, పడుకుంటే బనీను పిండితే నీళ్లు కారేంత చెమట. మా దగ్గర్లో ఒక క్లినిక్‌లో సిరప్ రాశారు, తగ్గకపోతే యాంటీబయాటిక్, అది అయ్యాక ఇంకో సిరప్. ఎక్స్‌రే మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. నెలన్నర పోయింది. 61 కిలోలుండేవాణ్ణి 51కి దిగిపోయాను. ఒకరోజు పళ్లు తోముకుంటుంటే తెమడలో నెత్తుటి చార కనిపించింది. అమ్మ చూసి ఇంకేం మాట్లాడకుండా చీర మార్చుకుని ఆటో పిలిచింది. రెండు వారాలు దాటిన దగ్గుకి తెమడ పరీక్ష చేయించుకోండి అని ప్రభుత్వాసుపత్రి గోడల మీద చిన్నప్పట్నించి చదువుతూనే ఉన్నాను. అది నాకు చెప్పే మాట అని ఒక్కసారీ అనిపించలేదు.

సీబీనాట్ అనే పరీక్ష చేశారు. టీబీ ఉందా లేదా అన్నదే కాకుండా, అది రిఫాంపిసిన్ మందుకి లొంగుతుందో లేదో కూడా ఆ మిషనే చెప్పేస్తుంది. నాది లొంగే రకమే. షుగర్‌కీ హెచ్ఐవీకీ రక్తం తీశారు, అమ్మకి కూడా ఎక్స్‌రే తీయించారు. ఆరు నెలల కోర్సు. మొదటి రెండు నెలలు ఒక్కో మాత్రలో నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు. నా బరువుకి రోజుకి నాలుగు మాత్రలు, నాలుగూ ఒకేసారి, పరగడుపున. మందులన్నీ ఉచితం. తిండి ఖర్చుకని నెలకి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయన్నారు.

మందులిచ్చే అక్క కార్డు రాస్తూ అడిగింది, "రోజూ ఏ టైముకి లేస్తావు తమ్ముడూ?" అని. నా దగ్గర జవాబు లేదు. ఒక్కోరోజు ఒక్కోలా అన్నాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "అలాగైతే ఒకరోజు వేసుకుంటావు, ఒకరోజు మర్చిపోతావు. ఈ పురుగు నెమ్మదిగా పెరుగుతుంది, నెమ్మదిగానే చస్తుంది. మధ్యలో ఆపితే మిగిలినవి మందుకి లొంగకుండా తయారవుతాయి. టైము చెప్పు, రాసుకుంటాను" అంది. ఆరున్నర అన్నాను. ఎందుకన్నానో తెలీదు, నోటికొచ్చింది. ఆవిడ కార్డు మీద రాసేసింది.

మెడికల్ లీవు దొరికింది కానీ నిద్ర దొరకలేదు. రాత్రి పదింటికి పడుకున్నా మూడింటిదాకా కళ్లు మూతపడేవి కావు. ఒంటికి ఇంకా షిఫ్ట్ నడుస్తూనే ఉంది. డాక్టరు గారు చెప్పింది ఒక్కటే: నిద్ర ఎప్పుడు పట్టినా సరే, లేచే టైము మార్చొద్దు, పగలు పడుకోవద్దు. పది రోజులు నరకం చూశాను. మధ్యాహ్నం కూర్చున్నచోటే తల వాలిపోయేది. ఆ తర్వాత రాత్రి పదిన్నరకి నిద్ర దానంతటదే రావడం మొదలెట్టింది. నిద్రపట్టే టైము మన చేతిలో ఉండదు, లేచే టైము మాత్రం ఉంటుంది. ఇది నాకు అప్పుడే తెలిసింది.

పిన్ని ఫోన్ చేసి కంచం, గ్లాసు వేరు పెట్టమంది. అమ్మ ఆ మాట అక్కని అడిగితే, ఇది దగ్గినప్పుడు గాలిలో వస్తుంది గానీ కంచాల వల్ల రాదు, మొదట్లో మాస్కు పెట్టుకోమను, కిటికీలు తెరిచి ఉంచు అని చెప్పింది. దాంతో అమ్మ నా మంచాన్ని తూర్పు కిటికీ కిందకి జరిపింది. నన్ను నిజంగా లేపింది ఆ కిటికీయే. విశాఖలో ఏప్రిల్ నెలంటే ఆరు కొట్టకముందే ఎండ మొహం మీద పడుతుంది. దానికి తోడు అమ్మ గొంతు, "లెగు నానా, ఆరయిపోనాది."

మాత్రలు ఇటుక రంగులో, పెద్దవిగా ఉంటాయి. కిటికీ గట్టు మీద స్టీలు గ్లాసు, పక్కనే స్ట్రిప్పు. మొదటిది దిగిపోతుంది, రెండోది కూడా. మూడోది గొంతులో అడ్డం పడినట్టుంటుంది. అమ్మ గుమ్మంలో నిలబడి నాలుగోది దిగేదాకా కదిలేది కాదు. మొదటిరోజు మూత్రం నారింజ రంగులో వస్తే గుండె జారిపోయింది. రిఫాంపిసిన్ వల్ల అలాగే వస్తుంది, భయం లేదని ముందే చెప్పారు, అయినా కంటితో చూస్తే వేరు. కడుపులో తిప్పేది. గంటదాకా ఏమీ తినకూడదు. మెట్టు మీద కూర్చుని, సందులోకి పాలవాడు రావడం, పేపరు కుర్రాడు రావడం చూస్తూ ఆ గంట గడిపేవాణ్ణి. ఏడున్నరకి చోడి (రాగి) అంబలి, ఉడకబెట్టిన గుడ్డు.

అంబలి తాగాక నడక. మొదటి వారం కరకచెట్టు పోలమాంబ గుడిదాకా వెళ్లి, కాసేపు కూర్చుని వచ్చేవాణ్ణి. అంతే, అదే గగనం. రెండో నెలలో లాసన్స్ బే దాకా దిగాను. దిగడం సులువే, ఎక్కి రావడమే కష్టం. ఆ ఎత్తులో మూడుచోట్ల ఆగేవాణ్ణి: కరెంటు స్తంభం, మూసేసిన పాన్‌షాపు, వేపచెట్టు. స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడితే నా ఊపిరి నాకే పిల్లికూతలా వినిపించేది. జూన్‌లో ఒకరోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే గుర్తొచ్చింది, ఆరోజు స్తంభం దగ్గర ఆగలేదని. అమ్మకి చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు, ఇంకో గుడ్డు తెచ్చి పెట్టింది.

రెండో నెలలో మోకాళ్లు, మడమలు నొప్పులు. అది మొదటి రెండు నెలల నాలుగు మందుల్లో ఒకటైన పైరజినమైడ్ వల్ల కావచ్చన్నారు. ఆ మందు ఆగాక తగ్గాయి.

అసలు కష్టం ఒళ్లు బాగోనప్పుడు రాలేదు, బాగున్నప్పుడు వచ్చింది. మూడో నెల దాటేసరికి దగ్గు లేదు, జ్వరం లేదు, ఆకలి దంచేస్తోంది. చోడవరంలో మేనమామ కూతురి పెళ్లి. బట్టలు సర్దాను, ఫోన్ చార్జర్ సర్దాను, స్ట్రిప్పు కిటికీ గట్టు మీదే ఉండిపోయింది. అక్కడికెళ్లాక గుర్తొచ్చింది. గంటన్నర ప్రయాణం, వెనక్కొచ్చి తెచ్చుకోవచ్చు. ఒక్కరోజే కదా అనుకున్నాను. మూడు రోజులయింది. ఆ మూడు రోజులూ తొమ్మిదింటికి లేచాను, నడవలేదు, అర్ధరాత్రిదాకా కబుర్లు. మాత్ర పోతే మిగతావన్నీ దాని వెంటే పోయాయి.

అక్కకి చెప్పాలంటే టెన్షన్. అయినా వెళ్లాను. ఆవిడ స్ట్రిప్పులు తీసి వేలితో ఖాళీ గుంటలు లెక్కపెట్టింది. తిట్టలేదు. "కలిపి వేసుకోకు. చివర్న మూడు రోజులు ఎక్కువ వేసుకోవాలి. దాచకుండా చెప్పావు, అది చాలు" అంది. బయటికొచ్చి బండి స్టార్ట్ చేస్తుంటే కళ్లు తడిశాయి. ఆ తర్వాత ఎక్కడికెళ్లినా చొక్కా జేబులో స్ట్రిప్పు ఉండేది.

ఐదో నెలలో ఉద్యోగానికి వెళ్లాను, డే షిఫ్ట్ అడిగి మార్పించుకున్నాను. నైట్ అలవెన్స్ పోయింది. ఇంట్లో ఆ డబ్బు లోటు తెలుస్తూనే ఉంది, అయినా వెనక్కి వెళ్లను.

సెప్టెంబరులో కోర్సు అయిపోయింది. చివరి తెమడ పరీక్షలో ఏమీ లేదు. బరువు 59. రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు.

మర్నాడు ఆరింటికే మెలకువొచ్చింది. చెయ్యి అలవాటుగా కిటికీ గట్టు మీదకి వెళ్లింది. గ్లాసొక్కటే ఉంది. నీళ్లు తాగి మెట్టు మీద కూర్చున్నాను. పాలవాడు ఇంకా రాలేదు. అమ్మ అప్పుడే అంబలి గ్లాసుతో వచ్చింది.

"ఇంక గంట ఆగక్కర్లేదు నానా, తాగీ."

వేడిగా ఉంది. ఊదుకుంటూ తాగి, చెప్పులేసుకున్నాను.